గోజు-ర్యూ ఒకటే అయితే సాన్చిన్ ఇన్ని రకాలుగా ఎందుకుంది?

కిన్నెరసాని (ప్రశ్న):

కరాటే చరిత్ర బాగా తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. గోజు-ర్యూ (ఒక కరాటే శైలి) అని బోర్డున్న రెండు డోజోల (శిక్షణ శాలల) సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇవి రెండూ ఒకే శైలేనా అన్న అనుమానం వస్తోంది. ఒకదాంట్లో తెల్ల బెల్టు నుంచే టైక్యోకు అనే కటాలు (ఒంటరిగా వరస తప్పకుండా చేసే కదలికల కూర్పులు) వరసగా ఉన్నాయి. అవయ్యాకే గెకిసాయ్. రెండోదాంట్లో టైక్యోకు ఊసే లేదు, నేరుగా గెకిసాయ్ దాయ్ ఇచితో మొదలు.

సాన్చిన్ అనే కటా దగ్గర మరీ తికమకగా ఉంది. ఒకచోట ముందుకి మూడడుగులేసి వెనక్కి తిరుగుతారు, కాసేపటికి మళ్లీ తిరుగుతారు. ఇంకోచోట అసలు తిరగడమే లేదు. ముఖం ఎదురుగానే ఉంచి వెనక్కి అడుగులేస్తారు. ఎవరిని అడిగినా "మాదే అసలుది" అంటున్నారు.

సర్టిఫికెట్ మీద ఒకచోట గోజు-కాయ్ అనీ, ఇంకోచోట ఒకినావా గోజు-ర్యూ అనీ ఉంది. గోడ మీద ఫోటో మాత్రం రెండుచోట్లా మియాగి చోజున్ గారిదే. గురువు ఒకరే అయినప్పుడు ఈ తేడాలు ఎక్కడ పుట్టాయి? అసలు వారసుడు ఎవరు? ఒక డోజో నుంచి ఇంకో డోజోకి మారితే పిల్లలు నేర్చుకున్నది వృథా అవుతుందా?

మకివారా:

కిన్నెరసాని గారూ, "అసలు వారసుడు ఎవరు" అన్న ప్రశ్నని పక్కన పెట్టండి. దానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. "ఎవరు, ఎప్పుడు, ఏ కటా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు" అని అడిగితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

మూలం దగ్గర్నుంచి వద్దాం. హిగాఓన్నా కాన్ర్యో 1853లో ఒకినావాలోని నహాలో పుట్టారు. యువకుడిగా ఉన్నప్పుడు చైనా ఫూజియన్ ప్రాంతంలోని ఫుజౌ నగరానికి వెళ్లి, ర్యు ర్యు కో అని ఒకినావావాళ్లు పిలిచే గురువు దగ్గర నేర్చుకుని తిరిగొచ్చారు. నహాలో ఆయన నేర్పిన విద్యకి నహా-టే అని పేరు. "టే" అంటే చెయ్యి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ఆయన ఇంటిపేరుని ఒకినావాలో హిగాఓన్నా అనీ, జపాన్ ప్రధాన భూభాగంలో హిగాషిఓన్నా అనీ చదువుతారు. రాసే అక్షరాలు అవే. రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే ఇద్దరు మనుషులనుకోకండి.

మియాగి చోజున్ 1888లో పుట్టారు. 1902లో, 14 ఏళ్లప్పుడు హిగాఓన్నా దగ్గర చేరారు. 1915లో గురువు పోయేదాకా ఆ శిష్యరికం సాగింది. తర్వాత ఆయన కూడా ఫుజౌ వెళ్లి వచ్చారు.

ఇక పేరు సంగతి. అప్పటిదాకా ఈ విద్యకి శైలి పేరంటూ లేదు. 1930లో మియాగి పెద్ద శిష్యుడు షింజాటో జిన్-అన్ టోక్యోలో ప్రదర్శన ఇచ్చినప్పుడు, "మీది ఏ శైలి" అని ఒకరు అడిగారు. చెప్పడానికి ఆయన దగ్గర పేరు లేదు. ఆ మాట ఒకినావా చేరాక, మియాగి బుబిషి అనే పాత చైనా యుద్ధవిద్యా గ్రంథంలోని ఎనిమిది సూత్రాల్లోంచి ఒక వాక్యం తీసుకున్నారు: "హో గో జు డోన్ టో". గో అంటే గట్టిది, జు అంటే మెత్తనిది. డోన్ అంటే మింగడం, టో అంటే ఉమ్మడం. ఊపిరి లోపలికి తీయడం, బయటికి వదలడం అని అర్థం చెప్పుకుంటారు. జూడోలో ఉన్న "జు" కూడా ఈ అక్షరమే. 1933లో జపాన్ యుద్ధవిద్యల సంస్థ దాయ్ నిప్పోన్ బుటోకుకాయ్ దగ్గర గోజు-ర్యూ పేరు నమోదైంది.

ఇక మీ ప్రశ్నకి అసలు కీలకం ఇక్కడుంది. మియాగి శిష్యులందరికీ అన్ని కటాలూ నేర్పలేదు. అందరికీ సాన్చిన్ ఉండేది. ఆ పైన ఒక్కొక్కరి ఒళ్లు, స్వభావం చూసి ఒకటో రెండో కటాలు ఇచ్చేవారు. పైగా ఆయన నేర్పే తీరు కూడా దాదాపు 40 ఏళ్లలో మారుతూ వచ్చింది. 1921లో టెన్షో అనే కటా కూర్చారు. 1940లో గెకిసాయ్ దాయ్ ఇచి, దాయ్ ని కూర్చారు. 1920లలో నేర్చుకున్న శిష్యుడికీ, యుద్ధం తర్వాత నహాలో త్సుబోయా ఇంటి పెరట్లో నేర్చుకున్న శిష్యుడికీ అందింది ఒకటే పాఠం కాదు. రెండూ మియాగి చెప్పినవే.

దీనికి తోడు, వారసుడు అవుతారని చాలామంది అనుకున్న షింజాటో 1945లో ఒకినావా యుద్ధంలో చనిపోయారు. 1953 అక్టోబర్ 8న మియాగి కూడా పోయారు. ఆయన ఎవరికీ డాన్ ర్యాంకు (నల్ల బెల్టు స్థాయి) ఇవ్వలేదు. ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం. "మియాగి గారి చేతుల మీదుగా ఫలానా డాన్ పొందారు" అని ఎక్కడ కనిపించినా అది తప్పు. గోజు-ర్యూలో ఇప్పుడున్న డాన్‌లన్నీ ఆయన శిష్యులు, వాళ్లు పెట్టిన సంస్థలు ఇచ్చినవి.

అలా ఎవరికి అందింది వాళ్లు పట్టుకుని, మిగిలినవి తోటి శిష్యుల దగ్గర నేర్చుకుని, ఎవరి డోజో వాళ్లు పెట్టారు. కర్ణాటక సంగీతంలో ఒకే త్యాగరాజ కృతికి వాలాజాపేట పాఠాంతరం వేరు, ఉమయాళ్పురం పాఠాంతరం వేరు ఉన్నట్టే ఇదీ. పాఠాంతరాన్ని తప్పు అని ఎవరూ అనరు. ఏ పరంపరలోది అని మాత్రమే అడుగుతారు.

పాఠాంతరం:

మకివారా గారు చెప్పినదానికి శాఖల వివరం జోడిస్తాను. ముందు మూడు మాటలు విడదీసుకోవాలి. ర్యూ అంటే శైలి. కాన్ అంటే ఇల్లు, భవనం. కాయ్ అంటే సంఘం. కాబట్టి "జుండోకాన్ శైలి" అనే మాటే తప్పు. అది గోజు-ర్యూ నేర్పే ఒక ఇంటి పేరు.

ఒకినావాలో ముఖ్యంగా నాలుగు ఇళ్లు. హిగా సేకో (1898–1966) హిగాఓన్నా దగ్గరా, ఆ తర్వాత మియాగి దగ్గరా నేర్చుకున్నారు. ఆయనది షోడోకాన్. మియాజాటో ఎయిచి (1922–1999) పోలీసు శాఖలో పనిచేసిన మనిషి, జూడోలోనూ దిట్ట. ఆయనది నహాలోని జుండోకాన్. యాగి మెయిటోకు (1912–2003) గారిది మెయిబుకాన్. 1963లో మియాగి కుటుంబం ఆయనకి మియాగి దుస్తులు, బెల్టు అందజేసింది. 1997లో ఒకినావా ప్రభుత్వం కరాటేకి సాంస్కృతిక వారసత్వ ధారకులుగా గుర్తించిన ముగ్గురిలో ఆయన ఒకరు. టోగుచి సేయికిచి (1917–1998) 1954లో షోరేయికాన్ పెట్టారు.

జపాన్ ప్రధాన భూభాగంలో కథ వేరు. యామాగుచి గోగెన్ (1909–1989) క్యోటోలోని రిట్సుమెయికాన్ విశ్వవిద్యాలయంలో చదివినవారు. గోజు-కాయ్ ఆయనది. "పిల్లి" అని ఆయనకి పేరు. విశ్వవిద్యాలయాల్లో పోటీ వాతావరణం కదా, అందుకని స్వేచ్ఛగా తలపడే జియు కుమిటే ఆ శాఖలో బాగా పెరిగింది. పెద్ద బృందాలకి నేర్పడానికి వీలుగా సిలబస్‌ని మెట్లు మెట్లుగా కట్టారు. మీరు చూసిన టైక్యోకు ఆ మెట్లలో మొదటిదే. దాని నమూనా షోటోకాన్ అనే ఇంకో కరాటే శైలి నుంచి వచ్చింది. గోజు అడ్డులు (దెబ్బని ఆపే కదలికలు) చేర్చి జోడాన్, చుడాన్, గెడాన్, కాకే-ఉకే, మవాషి-ఉకే అని ఐదు చేశారు.

కాబట్టి సర్టిఫికెట్ చూడకుండానే, సిలబస్ చూసి పరంపర అంచనా వేయొచ్చు. సాన్చిన్, సెయిపాయ్ ఉన్న సిలబస్‌లో టైక్యోకుతో మొదలుపెడితే అది యామాగుచి వైపుది. గెకిసాయ్ దాయ్ సాన్, గెకిహా, కాకుహా లాంటి పేర్లుంటే షోరేయికాన్, ఎందుకంటే అవి టోగుచి చేర్చినవి. సేయిర్యు, బ్యాక్కో, గెన్బు అని దిక్కుల దేవతల పేర్లు కనిపిస్తే మెయిబుకాన్. అవి యాగి కూర్చినవి. అదనంగా ఏమీ లేకుండా గెకిసాయ్ రెండూ, సాయిఫా, సేయున్‌చిన్, షిసోచిన్, సాన్సేరు, సెయిపాయ్, కురురున్ఫా, సేయిసాన్, సుపారిన్‌పేయి, వీటితో సాన్చిన్, టెన్షో కలిపి పన్నెండు మాత్రమే ఉంటే జుండోకాన్, లేదా దాన్నుంచి బయల్దేరిన సంస్థలు. మీ రెండో డోజో ఈ కోవలోదే అనిపిస్తోంది.

ఒక పొరపాటు మాత్రం చెయ్యకండి. సాన్చిన్ ఉంది కదా అని గోజు-ర్యూ అనుకోవద్దు. క్యోకుషిన్ అనే వేరే శైలిలో సాన్చిన్, టెన్షో, సాయిఫా ఉన్నాయి. దాన్ని పెట్టిన ఓయామా మసుటాట్సు గోజు నేర్చుకున్నవారు కాబట్టి అవి అక్కడికి వెళ్లాయి. షిటో-ర్యూ అనే ఇంకో శైలిలోనూ ఉన్నాయి. దాన్ని పెట్టిన మబుని కెన్వా (1889–1952) ఒకినావాలోని షురి వైపు ఇటోసు అనే గురువు దగ్గరా, నహా వైపు హిగాఓన్నా దగ్గరా నేర్చుకుని, ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి "షి-టో" అని పెట్టుకున్నారు. ఆ "టో" హిగాఓన్నా పేరులోని మొదటి అక్షరానికి చైనా మూలం ఉచ్చారణ. సిలబస్‌లో సెయిపాయ్‌తో పాటు షురి వైపు కటాలైన పినాన్ లేదా బస్సాయ్ కూడా ఉంటే అది చాలావరకు షిటో-ర్యూ అయ్యుంటుంది. మన ఊళ్లలో బోర్డు మీద ఒకటి, నేర్పేది ఇంకొకటి ఉన్నప్పుడు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

అన్నట్టు, ఆ పేర్లలో కొన్ని అంకెలు. ఫూజియన్ ఉచ్చారణలో సేయిసాన్ 13, సెయిపాయ్ 18, సాన్సేరు 36, సుపారిన్‌పేయి 108. మనకి అష్టోత్తరం ఎలాగో, ఆ బౌద్ధ సంప్రదాయంలోనూ 108 అంతే.

కిన్నెరసాని:

సిలబస్ చూసి పోల్చుకునే పద్ధతి చాలా ఉపయోగంగా ఉంది. సరిగ్గా మీరన్నట్టే ఉంది, రెండో సిలబస్‌లో ఆ పన్నెండే. మరి సాన్చిన్‌లో తిరగడం, తిరగకపోవడం మాటేమిటి? అది కూడా శాఖ తేడాయేనా? ఇంకోటి. ర్యు ర్యు కో గారి అసలు పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంది.

చీ-ఇషి:

తిరగడం శాఖ తేడా కాదండీ. రెండు కటాలూ చాలా డోజోల్లో పక్కపక్కనే ఉంటాయి. రెండుసార్లు తిరిగేదాన్ని హిగాఓన్నా సాన్చిన్ అంటారు. తిరగకుండా వెనకడుగు వేసేదాన్ని మియాగి సాన్చిన్ అంటారు. ఏది ముందు నేర్పాలన్నది మాత్రం డోజోని బట్టి మారుతుంది. ఎక్కువచోట్ల చిన్నది, అంటే మియాగిది, ముందు. మీరు చూసిన రెండు తరగతులూ బహుశా వేర్వేరు మెట్ల దగ్గర ఉన్నాయి.

చేతుల సంగతి కూడా ఉంది. మొదట్లో ఈ కటాని అరచేతులు తెరిచి, వేళ్లతో పొడుస్తూ చేసేవారు. తర్వాత పిడికిలి అయింది. తెరిచిన చేతుల సాన్చిన్ ఇప్పుడూ చూడాలంటే ఉయేచి-ర్యూ అనే ఇంకో ఒకినావా శైలి చూడండి. ఉయేచి కాన్బున్ (1877–1948) కూడా ఫుజౌలోనే, వేరే గురువు దగ్గర నేర్చుకున్నారు. వాళ్లు చెయ్యి ముయ్యలేదు. ఊపిరి కూడా గోజులో లాగా గట్టిగా వినపడదు.

రెండిట్లోనూ నిలబడే తీరు ఒకటే. పాదాల మధ్య భుజాల వెడల్పు. ముందు పాదం మడమ, వెనక పాదం వేళ్ల చివర, రెండూ ఒకే అడ్డగీత మీద ఉండాలి. ముందు పాదం కొద్దిగా లోపలికి తిరిగి ఉంటుంది, వెనకది నేరుగా. మోకాళ్లు కొద్దిగా వంచి లోపలికి బిగించాలి, తుంటి కిందికి ముడవాలి. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఒక పిడికిలి దూరం. అడుగు నేరుగా పడదు. కదిలే పాదం రెండో పాదం దగ్గరకొచ్చి, నెలవంకలా బయటికి వెళ్తుంది.

తిరిగే చోట పిల్లలు ఎక్కువ తప్పు చేస్తారు. కుడికాలు ముందున్నప్పుడు దాన్ని ఎడమకాలికి ముందుగా అడ్డంగా దాటించి తిరగాలి. ఎంత దాటించాలి? ఎడమ పాదం అవతలికి పూర్తి భుజాల వెడల్పు. భయపడి సగం దాటిస్తే, తిరిగాక రెండు పాదాలూ ఒకే గీత మీదకొచ్చి, మాస్టర్ భుజం మీద వేలు పెట్టి నెట్టినా ఒరిగిపోతారు. సుద్దముక్కతో నేల మీద భుజాల వెడల్పున మూడు నిలువు గీతలు గీసి చేయిస్తే రెండు మూడు రోజుల్లో కుదురుతుంది. తిరిగాక ఎడమకాలు తన గీత మీదే ఉంటుంది, కుడికాలు దాని అవతలి గీత మీద ఉండాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఊపిరి. ముక్కుతో తీసి నోటితో వదలాలి, బిగువు పొత్తికడుపులో ఉండాలి. చాలామంది గొంతు బిగించి గురగురమని చప్పుడు చెయ్యడమే సాన్చిన్ అనుకుంటారు. గొంతు బిగిస్తే ఊపిరి ఆగుతుంది, ముఖం ఎర్రబడుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, రక్తపోటు ఒక్కసారిగా పైకెళ్తుంది. కళ్లు తిరగడానికి కారణం అదే. భుజాలు చెవులవైపు లేచాయంటే ఊపిరి పైన ఇరుక్కుందని అర్థం. అలా కనిపిస్తే కటా ఆపించి, బిగువు తీసేసి, మామూలు ఊపిరితో చేయించాలి. బీపీ ఉన్న పెద్దవాళ్లు బిగువు సగం కూడా పెట్టకూడదు. షిమే అని భుజాలమీదా తొడలమీదా చరిచి చూసే పద్ధతి ఉంది. అది కండ ఎక్కడ వదులుగా ఉందో తెలుసుకోవడానికి. పిల్లలకి అరచెయ్యి ఆనించి చూస్తే చాలు, కొట్టాల్సిన పని లేదు. కొట్టే డోజో అయితే దాని గురించి గట్టిగా అడగండి.

మకివారా:

ర్యు ర్యు కో గురించి. కొందరు పరిశోధకులు ఆయన్ని ఫుజౌలో మింగ్ హే చువాన్, అంటే అరిచే కొంగ శైలి పెట్టిన షియే జోంగ్‌షియాంగ్ (1852–1930) అంటారు. ఇంకొందరు ఒప్పుకోరు. షియే హిగాఓన్నాకన్నా ఒక్క ఏడాదే పెద్ద, గురువుగా ఊహించడం కష్టం అని వాళ్ల వాదన. ఒకినావాలోని ర్యూఎయి-ర్యూ కూడా తన మూలం ర్యు ర్యు కో అనే చెప్పుకుంటుంది. టోక్యో ఒలింపిక్స్ పురుషుల కటాలో బంగారు పతకం గెలిచిన కియునా ర్యో ఆ శైలివారే. అంటే ఆ పేరు ఒక్క గోజు సొత్తు కాదు. ఎవరైనా గోడ మీద ర్యు ర్యు కో అని ఒక చైనా గురువు ఫోటో పెట్టి ఉంటే అది నమ్మకం మాత్రమే, రుజువు కాదు.

పరంపర చెప్పేవాళ్లని సంవత్సరాలు అడగండి. మియాగి పోయింది 1953. ఆయన దగ్గర నేరుగా నేర్చుకున్నామనే వ్యక్తి 1930ల చివరికన్నా ఆలస్యంగా పుట్టి ఉంటే లెక్క కుదరదు. పేర్లు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపొద్దు. మియాగి అన్-ఇచి (1931–2009) చోజున్ గారి చివరి ఏళ్ల శిష్యుడు, బంధువు కాదు. ఆయన దగ్గర నేర్చుకుని 1979లో అంతర్జాతీయ ఒకినావా గోజు-ర్యూ సమాఖ్య పెట్టిన హిగాఓన్నా మొరియో 1938లో పుట్టారు. చోజున్ పోయేనాటికి ఆయన పదిహేనేళ్లు దాటని కుర్రాడు. చోజున్‌కీ ఆయనకీ మధ్య ఒక గురువు ఉన్నారని ఆయన పరంపరవాళ్లే చెప్తారు. సరైన పరంపర అలా ఉంటుంది, మధ్యలో లింకు దాచదు.

కిన్నెరసాని:

చాలా స్పష్టంగా ఉంది. మిగిలింది ఒకటే. గోజు-కాయ్ డోజోలో ఆకుపచ్చ బెల్టు దాకా వచ్చిన పిల్ల, పన్నెండు కటాల డోజోకి మారితే?

పాఠాంతరం:

బెల్టు ఉంటుందా పోతుందా అన్నది ఆ సంస్థ ఇష్టం. చాలామంది రంగు ఉంచుతారు కానీ పరీక్షకి ముందు కొన్ని నెలలు ఆగమంటారు. నేర్చుకున్నదేమీ వృథా కాదు. టైక్యోకులో చేసిన అడుగులూ అడ్డులూ గెకిసాయ్‌లో అలాగే వస్తాయి.

ముందుగా మూడు చోట్ల దిద్దుకోవాల్సి ఉంటుంది. గెకిసాయ్ దాయ్ ఇచి ముగింపు రెండు పిడికిళ్లతో ఒకేసారి గుద్దడం, దాయ్ ని ముగింపు పిల్లి నిలకడలో మవాషి-ఉకే. ఆ మవాషిలో అరచేతుల ఎత్తు, అవి ఎంత దూరం తోసేది, శాఖని బట్టి తేడా ఉంటుంది. రెండోది వేగం. సేయున్‌చిన్‌ని గోజు-కాయ్‌లో ఒక లయలో, ఒకినావాలో ఇంకో లయలో చేస్తారు, గుర్రపు నిలకడ లోతు కూడా మారుతుంది. మూడోది ఊపిరి చప్పుడు.

పోటీలకి వెళ్లే పిల్ల అయితే ఇంకో మాట. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో తన శైలిలో నేర్పిన తేడాలు కటాలో ఉండొచ్చని ఉంది. కానీ ఒకే కటాలో సగం ఒక శాఖ, సగం ఇంకో శాఖ కలిస్తే న్యాయనిర్ణేతకి అది పాఠాంతరంలా కనిపించదు, మరిచిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని మారిన ఏడాది పోటీకి ఆ పిల్ల పాత డోజోలో నేర్చుకోని కటాని ఎంచుకోమనండి. సాయిఫా ఇంకా మొదలుపెట్టకపోతే సాయిఫాయే మంచిది. చిన్నది, పాత అలవాట్లు ఉండవు, కొత్త మాస్టర్ చెప్పిందే మొదటి పాఠం అవుతుంది.